నలభై ఇళ్ళ చేతితొడుగులు

సెరిస్ రేవు, పైలట్ల బడి,
ఫిబ్రవరి 9.

మర్టిల్ అత్తకి,

చేరాను. తిన్నాను. నిద్రపోయాను. నువ్వు అడిగే మూడు ప్రశ్నలకీ జవాబులు ముందే రాసేశాను కాబట్టి ఇక నన్ను చెప్పనివ్వు.

ఈ బుల్లి గ్రహం మీద అంతా మంచు పని. కింద తవ్విన మంచుని ఓడల్లోకి ఎత్తి అంగారకుడికి పంపుతారు. ఆ ఓడలు మన గ్యానెట్ కోవ్ మొత్తం పట్టేంత ఉంటాయి, వాటంతటవి వచ్చి రేవులో ఆగలేవు. పైలట్ చిన్న టగ్గులో ఎదురెళ్ళి, ఓడ పక్కన ఆనుకుని, మెల్లగా నెట్టుకుంటూ తెచ్చి కట్టాలి. నువ్వు లాంచీని గట్టుకి చేర్చే పనిలాంటిదే అనుకుని వచ్చాను. మొదటిరోజే నా తిక్క కుదిరింది.

మేం పదకొండుమందిమి చేరాం. తాళ్ళు కట్టడం, దూరాలు పలకడం బడిలో నేర్పుతారు. మిగతా విద్యంతా గురువు దగ్గరే. ఆగస్టు ఆఖరులోగా ఎవరో ఒక పైలట్ మమ్మల్ని శిష్యులుగా తీసుకోవాలి. దొరకనివాళ్ళు తిరుగు ఓడ ఎక్కాల్సిందే, రెండోసారి రానివ్వరు.

నాకు కావలసింది ఒలెనా బోయ్‌చుక్ గారు. సస్కాచివాన్ గోధుమ పొలాల్లో పుట్టిన మనిషి, సముద్రం మొహమే చూడలేదట. కాని ఆవిడ ఓడ తెస్తుంటే మిగతా పైలట్లు చేతిలో పని వదిలి కిటికీల దగ్గరికి వస్తారు. అది చూశాక ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలని నాకు లేదు. చిక్కేమిటంటే పదకొండేళ్ళుగా ఆవిడ శిష్యుల్నే తీసుకోవడం లేదు. భోజనాల గదిలో ఒక్కతే కూర్చుని పైరోగీలు తింటుంది, అవి బంగాళాదుంప కూరిన కుడుములు. ఎవరైనా ఎదురుగా కూర్చుంటే పళ్ళెం తీసుకుని లేచిపోతుంది. నిన్న నేను కూర్చున్నాను, లేచిపోయింది. పోతూ పోతూ నా బూట్ల వైపు చూసి, "కుడిది వదులుగా ఉంది," అంది. రోజంతా ఆ మాటే తలుచుకుని మురిసిపోయాను.

ఉత్తరాల కట్ట పక్షానికి ఒకసారే రేడియోలో వెళ్తుంది. ఆలస్యమైతే కంగారుపడకు.

నీ డల్సీ


గ్యానెట్ కోవ్, న్యూఫౌండ్లాండ్,
ఫిబ్రవరి 23.

ఏమే డల్సీ,

నాలుగో ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎగ్గొట్టావు. లోపల ఉన్ని బనీను వేసుకుంటున్నావా, లేదా?

నీ ఉత్తరం ఆదివారం టీ దగ్గర ఊరి హాల్లో చదివాను. ఊరు దాటినవాళ్ళ ఉత్తరాలు ఇంట్లో చదువుకుంటే ఊరుకుంటారా వీళ్ళు. అందరూ వచ్చారు. స్టెల్లా ముసలమ్మని కుర్చీతో సహా మోసుకొచ్చారు. కళ్ళు పోయాయి కాని చెవులు పాముచెవులు, 'పైరోగీ' అన్న మాట మూడుసార్లు చదివించుకుంది. అబ్సలం మాత్రం ఎప్పటిలాగే పుల్ల విరిచినట్టు మాట్లాడాడు. పదకొండేళ్ళుగా ఎవర్నీ తీసుకోని మనిషి ఈ చేపలరేవు పిల్లని తీసుకుంటుందా అన్నాడు. నీ మనవడు పడవకి తాడు కట్టడం నేర్చుకున్నాక మాట్లాడు అన్నాను. టోపీ కళ్ళ మీదికి లాక్కుని టీ తాగాడు.

ఇప్పుడు నా మాట విను. నేను లాంచీ నేర్చుకునేటప్పుడు గారెట్ ముసలాయన ఏడాదిపాటు నా పేరడగలేదు. 'ఓయ్' అనేవాడు. నేనేమీ వెంటపడలేదు. ఆయన వచ్చేసరికి ఇంజను తుడిచి ఉండేది, అంతే. నువ్వు ఆవిడ ఎదురుగా కూర్చోకు. పక్కబల్ల దగ్గర కూర్చుని నీ తిండి నువ్వు తిను. బూటు బిగించుకో.

మీ నాన్న పోయిన రోజు నువ్వు నా లాంచీలో కూర్చుని, నేనూ ఓడలు నడుపుతాను అత్తా అన్నావు. తొమ్మిదేళ్ళపిల్లవి. ఆరోజు నుంచి ఈ ఊళ్ళో ప్రతివాడూ నిన్ను తన పిల్లే అనుకుంటున్నాడు. ఒత్తిడి పెట్టడానికి చెప్పడం లేదు. తెలుసుకో అని చెబుతున్నాను.

అత్త


సెరిస్ రేవు,
మార్చి 23.

అత్తా,

వేసుకుంటున్నాను. రెండు వేసుకుంటున్నాను.

పక్కబల్ల ఉపాయం పారింది. మూడు వారాలు ఆవిడ లేవలేదు. నాలుగోవారం ఉప్పు అడిగింది. మొన్న శుక్రవారం, "పలకడం వచ్చా?" అని అడిగింది. వచ్చు అన్నాను. "రేపు రా," అంది.

పలకడం అంటే చెబుతాను. టగ్గు ఓడని ఆనుకునేటప్పుడు పైలట్‌కి ఒకవైపే కనిపిస్తుంది. అవతలివైపు మంచుదుమ్ము లేస్తుంది, అందులో యంత్రాలు చెప్పే దూరాలు నమ్మడానికి లేదు. అందుకని ఒక మనిషి ఆ వైపు కూర్చుని, ఓడ ఒంటి మీద ఉన్న పసుపు గీతనే చూస్తూ, మీటర్లు పైకి పలకాలి. నలభై, ముప్పైతొమ్మిది, ముప్పైఎనిమిది. ఎక్కడా తొట్రుపడకూడదని బడిలో దరువుమీద నేర్పుతారు. నెల తిరిగేసరికి కలలో కూడా పలుకుతుంటాం. ఆ గొంతు వింటూ పైలట్ టగ్గుని జరుపుతుంది.

శనివారం నేను పలికాను, ఆవిడ తెచ్చింది. చప్పుడైనా లేకుండా ఓడ ఆగింది. అంతా బాగానే జరిగింది. దిగాక ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయింది.

ఇక్కడ గురువుని నోటితో అడగకూడదు. కాగితం మీద రాసి ఇవ్వాలి, అదే కాగితం మీద జవాబు వస్తుంది. వచ్చేవారం ఇస్తాను. స్టెల్లాని నా కోసం దండం పెట్టుకోమను.

డల్సీ


సెరిస్ రేవు,
ఏప్రిల్ 2.

గౌరవనీయులైన పైలట్ ఒలెనా బోయ్‌చుక్ గారికి,

మీ దగ్గర పని నేర్చుకోవాలని కోరుకుంటున్నాను. ఎంత కష్టమైనా పడతాను. నన్ను మీ శిష్యురాలిగా తీసుకోవలసిందిగా ప్రార్థన.

డల్సీ రైడౌట్, గ్యానెట్ కోవ్

(అదే కాగితం అడుగున, పెన్సిలుతో:)

తీసుకోను. ఎందుకో నీకు తెలుసు.

ఒ. బోయ్‌చుక్


సెరిస్ రేవు,
ఏప్రిల్ 6.

ప్రియమైన అత్తా,

శుభవార్త. బోయ్‌చుక్ గారు నన్ను శిష్యురాలిగా తీసుకున్నారు. నా కాగితం చదివి చాలా సంతోషించారు. నా పలుకు స్పష్టంగా ఉందని, నా క్రమశిక్షణ నచ్చిందని, నాకు మంచి భవిష్యత్తు ఉందని అన్నారు. ఇకమీదట పని ఎక్కువ కాబట్టి ఉత్తరాలు తగ్గవచ్చు. ఊళ్ళో అందరికీ నా నమస్కారాలు.

డల్సీ


గ్యానెట్ కోవ్,
ఏప్రిల్ 27.

నా బంగారు తల్లీ,

హాల్లో నీ ఉత్తరం రెండు ముక్కలు చదివానో లేదో, మూడో ముక్క ఎవరికీ వినపడలేదు. బెంచీలు ఎక్కి అరిచారు. అబ్సలం లేచి నిలబడి టోపీ తీశాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఎవడేమనుకుంటే నాకేం.

ఇక అసలు సంగతి. నీకు చెప్పకుండా చేద్దామనుకున్నాం కాని నా నోట్లో నువ్వుగింజ నానదు. ఊరిపిల్లకి గురువు దొరికితే ఆ గురువుకి ఊరు చేతితొడుగులు అల్లి పంపాలి కదా. గారెట్ తరవాత మళ్ళీ ఎవరికీ అల్లలేదు, ముప్పైయేళ్ళు అయింది. ఉన్ని బయటికి తీశాం. ఇంటికొక వరస చొప్పున తిరిగింది, నలభై ఇళ్ళు, పన్నెండు రోజులు. స్టెల్లా తన వరస తనే అల్లుతానని పట్టుబట్టింది. కుట్లు కాస్త వదులయ్యాయి, విప్పి సరిచేద్దామంటే నేను ఒప్పుకోలేదు. అబ్సలం ఇంట్లో ఆడవాళ్ళు లేరుగా, ఆ వరస వాడే అల్లాడు. నాలుక బయటపెట్టుకుని మధ్యాహ్నమంతా అల్లాడు.

నిన్నటి సరుకుల ఓడలో పంపేశాం. ఆగస్టు మొదటివారానికి అక్కడికి వస్తుంది. నేరుగా ఆవిడ పేరునే రాశాం. ఆవిడ వాటిని చేతికి తొడుక్కుందంటే మన ఊరి మనిషే. తొడుక్కోగానే ఏమందో నాకు మాట మాటా రాయాలి.

అత్త


సెరిస్ రేవు,
మే 11.

అత్తా,

ఇక్కడ పైలట్లకి కానుకలు పంపకూడదు, అది నియమం. పార్సెలుని దారిలో వెనక్కి తెప్పించే వీలుందేమో కనుక్కో. నేను బాగానే ఉన్నాను.

డల్సీ


గ్యానెట్ కోవ్,
జులై 6.

డల్సీ,

నాలుగు కట్టలు వచ్చాయి, నీ ఉత్తరం లేదు. ఆఖరిది రాసింది మేలో, మూడు ముక్కలు.

కానుకా అది? నలభై ఇళ్ళవాళ్ళు కూర్చుని అల్లింది కానుక అని నువ్వెలా అనగలిగావో నాకు అర్థం కాలేదు. మొదట కోపమొచ్చింది. తరవాత భయమేసింది. ఓడని వెనక్కి తిప్పడానికి అదేమన్నా నా లాంచీనా?

ఒక్కటి అడుగుతాను. ఆవిడ నిన్ను ఏమాట అని ఒప్పుకుంది? నీ ఏప్రిల్ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. కుడి బూటు వదులుగా ఉందన్న మనిషి, మంచి భవిష్యత్తు ఉందని అంటుందా? ఆ మాటలు ఆవిడవిలా లేవు. నీవిలా కూడా లేవు. హాల్లో ఎవరికీ ఈ అనుమానం చెప్పలేదు. నీ దగ్గర్నుంచి వినేదాకా చెప్పను.

ఒంట్లో బాగాలేకపోతే చెప్పు. వేరే ఏదున్నా చెప్పు.

అత్త


సెరిస్ రేవు,
ఆగస్టు 10.

అత్తా,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. తరవాత హాల్లో చదువు, ఒక్క ముక్క కూడా వదలకుండా.

బోయ్‌చుక్ గారు నన్ను తీసుకోలేదు. ఎప్పుడూ తీసుకోలేదు. ఏప్రిల్లో 'తీసుకోను, ఎందుకో నీకు తెలుసు' అని రాసి ఇచ్చింది. నేను నీకు అబద్ధం రాశాను. ఒకటి రెండు వారాల్లో ఎలాగో ఆవిడ మనసు మార్చేస్తాను, అప్పుడు అబద్ధం కాస్తా నిజమైపోతుంది అనుకున్నాను. నువ్వు తొడుగుల సంగతి రాసిన రోజు స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని వాంతి చేసుకున్నాను.

ఎందుకో నాకు నిజంగానే తెలుసు. మార్చిలో అంతా బాగానే జరిగిందని రాశాను కదా. పద్దెనిమిది దగ్గర మంచుదుమ్ము కమ్మేసింది, పసుపు గీత కనిపించలేదు. కనిపించడం లేదని చెప్పాలి, చెబితే పైలట్ ఆపేస్తుంది. కాని నా నోరు దరువు మీద ఉంది. పదిహేడు, పదహారు, పదిహేను అని అదే పలుక్కుంటూ పోయింది. ఏడు అంకెలు చూడకుండా పలికాను. పదకొండు దగ్గర దుమ్ము తొలగింది, లెక్క సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ప్రాణాలు, ఆ ఓడలో ఇరవైరెండుమంది ప్రాణాలు ఆ ఏడు అంకెల మీద ఉన్నాయి.

జులై ఆఖర్లో ఆవిడకి పలికే మనిషికి జ్వరమొచ్చింది. పలికేవాళ్ళ వంతుల జాబితాలో నా పేరు వచ్చింది కాబట్టి ఆవిడకి నన్ను ఎక్కించుకోక తప్పలేదు. ఈసారి ముప్పైఒకటి దగ్గర గీత మాయమైంది. ముప్పై అనే మాట నాలుక చివరికి వచ్చేసింది అత్తా. నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, "కనిపించడం లేదు," అన్నాను. ఆవిడ టగ్గుని వెనక్కి తీసింది. ఆ గొడవలో మా వంతు పోయింది, ఓడ తొమ్మిది గంటలు బయట నిలబడింది, ఓడ కెప్టెన్ రేడియోలో నన్ను నానా తిట్లూ తిట్టాడు. తీరా కొలిస్తే దూరం సరిగ్గా ముప్పయ్యే. నేను ముప్పై అని ఉంటే అన్నీ సవ్యంగా అయిపోయేవి. తోటివాళ్ళు ఇప్పుడు నన్ను 'కనిపించడంలేదు' అనే పిలుస్తున్నారు. ఆవిడ టగ్గు కట్టేసి తన దారిన వెళ్ళిపోయింది.

శనివారం పార్సెలు వచ్చింది. సరుకుల గుమాస్తా మన ఊరి పేరు చూసి, ఆవిడకి ఇచ్చెయ్యమని నా చేతికే ఇచ్చాడు. రెండు రోజులు మంచం కింద పెట్టుకున్నాను. ఎంత ఆలోచన చేశానో తెలుసా. ఆవిడకి ఇవ్వకుండా, ఆవిడ తొడుక్కుని మురిసిపోయిందని నీకు రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? ఓడ మీద తిరిగి వచ్చేటప్పుడు ఇంకో కథ అల్లుకోవచ్చు. ఆ కథ సగం అల్లాను కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈరోజు టిఫిన్ల వేళ ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. లేచేలోపు పార్సెలు బల్లమీద పెట్టి అంతా చెప్పాను. ఏడు అంకెల సంగతి ముందు చెప్పాను, ఉత్తరం సంగతి తరవాత. ఆవిడ తినడం ఆపి విన్నది.

"ఎంతమందికి చెప్పావు?" అంది.

"నలభై ఇళ్ళకి."

కట్టు విప్పి తొడుగులు బయటికి తీసి వరస వరసా చూసింది. ఒకచోట వేలు ఆపి, "ఇది ఎవరు అల్లారు?" అని అడిగింది. స్టెల్లా అని, కళ్ళు కనిపించవని చెప్పాను. చాలాసేపు ఆ వరసనే చూసింది. మళ్ళీ మడిచి కాగితంలో చుట్టి నా వైపు జరిపింది.

"ఇవి శిష్యురాలున్న మనిషికి అల్లినవి. నావి కావు," అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

తిరుగు ఓడ ఆగస్టు ముప్పైఒకటిన. అందులో నా పేరు ఉంది. నవంబరుకి వచ్చేస్తాను. నీ ఇంటికి రానిస్తావో లేదో తెలియదు. స్టెల్లా ఎదట, అబ్సలం ఎదట ఎలా నిలబడాలో అంతకన్నా తెలియదు. నాకు చాలా సిగ్గుగా ఉంది అత్తా.

డల్సీ


గ్యానెట్ కోవ్,
ఆగస్టు 24.

డల్సీ,

చదివాను. ముందు వంటింట్లో ఒక్కదాన్నే చదివాను. కెటిల్ మాడిపోయింది, కొత్తది కొనాలి. తరవాత ఆదివారం హాల్లో చదివాను. నువ్వు చెప్పినట్టే ఒక్క ముక్క వదల్లేదు, వాంతితో సహా.

నాకు కోపంగా ఉంది. తగ్గిందని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. బెంచీలెక్కి అరిచినవాళ్ళ ముందు నిలబడి, కాదు, అదంతా ఉత్తిదే అని చదవడం ఏమిటో నీకు తెలియాలి. తలెత్తకుండా చదివాను. అయిపోయాక టీ ఎవరూ ముట్టలేదు.

అబ్సలమే ముందు లేచాడు. తొడుగులు తిరిగి తెప్పించాలి అన్నాడు. ఊరి పరువు పోయిందన్నాడు. ఇద్దరు ముగ్గురు తల ఊపారు. కాదనే హక్కు నాకు లేదు. అప్పుడు స్టెల్లా, ఆవిడ ఏ వరస దగ్గర వేలు ఆపిందో ఆ ముక్క మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. "ఆ మనిషి చేతులు చల్లగా ఉండి ఉంటాయి," అంది. "శిష్యురాలు ఉంటేనే చలి వేస్తుందా? ఇచ్చెయ్యండి."

చేతులెత్తించాం. ముప్పైయొక్క ఇళ్ళు ఇచ్చెయ్యమన్నాయి, తొమ్మిది వద్దన్నాయి. అబ్సలం చెయ్యి ఎటు లేచిందో చెప్పను, వాణ్ణే అడుగు. కాబట్టి అవి ఆవిడవి. గురువని కాదు, నిన్ను తీసుకుంటుందనీ కాదు. ఊరు ఇస్తోంది, అంతే. ఈ కాగితం చూపించి ఇవ్వు.

ఇక నీ సంగతి. నా ఇంటికి రానివ్వనా? నీ గది తలుపు జామైపోయింది, వచ్చి భుజంతో నెట్టు. రేవుకి నేనే లాంచీ తెస్తాను. ఊళ్ళోకి వచ్చిన మొదటి ఆదివారం హాల్లో నిలబడి నువ్వే మాట్లాడాలి, అందులో మాత్రం నేను అడ్డం రాను. ముప్పై అనబోయి నోరు మూసుకున్న సంగతి ఉందే, అది కూడా చెప్పు. అది మాత్రం తలెత్తి చదివాను.

అత్త


సెరిస్ రేవు,
ఆగస్టు 30.

మర్టిల్ రైడౌట్ గారికి,

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

మీ కాగితం మీ అమ్మాయి తెచ్చి చూపింది. తొడుగులు తీసుకున్నాను. స్టెల్లా గారికి నా చేతులు చల్లగానే ఉంటాయని చెప్పండి, ఎలా కనిపెట్టారో నాకు తెలియదు.

మార్చిలో అమ్మాయి చూడకుండా పలుకుతోందని అప్పుడే తెలిసింది. దుమ్ములో ఎవరి అంకెలైనా ఎగుడుదిగుడుగా వస్తాయి, ఆమెవి గడియారం కొట్టినట్టు వచ్చాయి. ఆమె అంకెలు వదిలేసి టగ్గుని నా అంచనాతో నడుపుకున్నాను. తనే వచ్చి చెబుతుందేమోనని చూశాను. రాలేదు, కాగితం వచ్చింది. అందుకే తీసుకోనన్నాను.

పదకొండేళ్ళ కిందట నాకొక శిష్యుడు ఉండేవాడు, పేరు ఇవాన్. మీరు ఎప్పుడైనా టగ్గుతో ఓడని గీరి గీత పెట్టారా అని ఒకరోజు అడిగాడు. లేదన్నాను. నిజానికి అప్పటికి మూడు పెట్టాను. నేను ఎన్నడూ తప్పు చెయ్యని మనిషినని వాడు నమ్మేశాడు. అందుకని తను మొదటి తప్పు చేసినప్పుడు నాకు చెప్పలేక దాచుకున్నాడు, రెండోది కూడా దాచుకున్నాడు. మూడోదానికి వాడి చెయ్యి పోయింది. ఆ మూడు గీతల సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేరని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మీ అమ్మాయి అడక్కుండానే వచ్చి తన ఏడు అంకెలూ నా బల్ల మీద పెట్టింది. ఆరోజు లేచి వెళ్ళిపోయాను, ఎందుకంటే నాకు మొహం చెల్లలేదు. ఆ తరవాత రెండు వారాలకు పైగా సరిగ్గా తినలేదు. నిన్న ఆమెని పిలిచి కూర్చోబెట్టి నా మూడు గీతలూ ఒక్కొక్కటే చెప్పాను, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని. ఆమె మధ్యలో రెండు ప్రశ్నలు వేసింది. మంచి ప్రశ్నలు.

ఈ ఉదయం తిరుగు ఓడ జాబితాలో ఆమె పేరు కొట్టించాను. డల్సీ రైడౌట్ నా శిష్యురాలు. సోమవారం నుంచి పని.

ఈ సంగతి తనే రాస్తానని పేచీ పెట్టింది. వద్దన్నాను. ఆమె రాస్తే మీ హాల్లో ఎవరూ నమ్మరు.

ఒలెనా బోయ్‌చుక్